నాలుగు సగాల తోట

మా తవిటయ్య మావకి ఒకటే జబ్బు. ఏ వస్తువునీ దాని మానాన దాన్ని ఉండనివ్వడు. దాంట్లోంచి సగం తీసి, ఇంకోటేదో సగం పోసి కలిపేదాకా ఆయన చేతులు ఊరుకోవు. టీ అంటే సగం కాఫీ. పప్పు అంటే సగం సాంబారు. జ్వరమొస్తే డాక్టరిచ్చిన మాత్రని నూరి శొంఠి కషాయంలో కలుపుకుని తాగుతాడు. ఆ రెండు వైద్యాలూ ఆయన కడుపులోకి దిగి, ముందు ఎవరు పని మొదలుపెట్టాలో తేల్చుకునేలోగా జ్వరం విసుగెత్తి వెళ్ళిపోతుంది. జంషెడ్‌పూర్‌లో మా భాలుబాసాలో ఆయన్ని ఉత్త తవిటయ్య అంటే ఎవరికీ తెలియదు. సగం తవిటయ్య అంటే పోస్టుమేన్ కూడా ఇల్లు చూపిస్తాడు.

నేను సూర్యాన్ని. బిష్టుపూర్ స్టాండులో ఆటో నడుపుతాను. పదో తరగతిని రెండుసార్లు చూసి, మూడోసారి అది నన్ను చూడకుండా జాగ్రత్తపడ్డవాణ్ణి. కాబట్టి నేను చెప్పేదాంట్లో అబద్ధం ఉండదు. అబద్ధం పకడ్బందీగా రాయాలంటే కొంచెం చదువుకుని ఉండాలి.

మావ సినిమా చూసే పద్ధతి చెబితే మీకు మనిషి అర్థమవుతాడు. ఇంటర్వెల్ దాకా ఒక హాల్లో హిందీ సినిమా చూస్తాడు. ఇంటర్వెల్ తర్వాత పక్క హాల్లో ఇంకో సినిమాకి వెళతాడు. ఇంటికొచ్చి రెండూ కలిపి ఒకే కథగా చెబుతాడు. ఆయన చెప్పిన కథలో ముంబైలో తప్పిపోయిన పిల్లాడు చివరికి భోజ్‌పురి పెళ్ళిలో పెళ్ళికొడుకై తేలతాడు. ఆ కథ విన్నాక మాకు అసలు సినిమాలు రుచించడం మానేశాయి.

కూతురు బిందుప్రియ పెళ్ళికి ఇద్దరు పురోహితుల్ని పిలిచాడు. ఒకాయన మన పంతులు, ఇంకొకాయన ఒడియా పండా. సగం మంత్రాలు మీవి, సగం ఆయనవి అని ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు. ఎవరి సగం ఎక్కడ అయిపోతుందో మాత్రం చెప్పలేదు. ఇద్దరూ ఒకేసారి ఎత్తుకున్నారు. పెళ్ళికొడుకు ఎవరి మాట విని తాళి కట్టాడో ఈ రోజుకీ తేలలేదు గానీ, కాపురం మాత్రం మా కాలనీలో అందరికంటే బాగుంది.

ఈ జబ్బు ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. స్టీలు కంపెనీలో అంటుకుంది. ముప్పైనాలుగేళ్ళు ముడిసరుకు యార్డులో పనిచేశాడు. కొలిమిలోకి వెళ్ళేముందు ఇనుపరాతి పొడి, సున్నపురాతి పొడి, కోకు పొడి కలిసేది అక్కడే. కలపడమంటే గరిటె పెట్టి తిప్పడం కాదు. ఒక్కో పొడినీ పలచని పొరగా, గూడ్సు బండి అంత పొడుగ్గా, ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ పోతారు. గుట్ట తయారయ్యాక దాన్ని పొడుగు వెంట కాకుండా, పైనుంచి కిందదాకా అడ్డంగా కోస్తారు. అప్పుడు ఏ ముక్క తీసినా దాంట్లో అన్ని పొరలూ వస్తాయి. ముప్పైనాలుగేళ్ళు ఆ పనే చేసిన మనిషి, రిటైరై ఇంటికొచ్చాక పెసరట్టు కూడా అడ్డంగానే కోస్తాడు.

"ఒట్టి ఇనుము దేనికి పనికొత్తాదిరా?" అని నన్ను నిలదీసేవాడు. "కూసింత బొగ్గు సత్తువ దాన్లో కలిత్తేనే స్టీలు. ఈ టౌనంతా కలిపినోడి సేతి మీద కట్టిందే."

ఇంక అసలు సంగతికి వస్తాను.

భాలుబాసాలో మా ఆంధ్ర మిత్ర సంఘం హాలుంది. దాని వెనక పది సెంట్ల ఖాళీ నేల. పదిహేనేళ్ళుగా అందులో నూకాలమ్మత్త ఆకుకూరలు పండించుకుంటోంది. మొగుడు కాంట్రాక్టు పనిలో ఉండగానే పోయాడు. ఆ మడే ఆమెకి మొగుడూ, ఉద్యోగమూ. జంషెడ్‌పూర్‌లో ఏ తెలుగింట్లో గోంగూర పచ్చడి నూరినా ఆ గోంగూర ఆమె గంపలోంచి దిగిందే. ఆమె గోంగూర ఎంత పులుపంటే, కట్ట పట్టుకుని నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు కన్ను కొట్టినట్టు ఉండేది. ఆ దెబ్బకి రెండు సంబంధాలు కూడా కుదిరాయి.

అలాంటి మడి పాడైపోయింది. పాడవడానికి పెద్ద కారణమేమీ లేదు. సాక్చీ బజారులో ఎరువుల కొట్టున్న బంగారురాజుగారు మొదటి ఏడాది గుప్పెడు యూరియా చల్లమన్నారు. నాలుగు రోజుల్లో మడి పచ్చగా నవ్వింది. మరుసటి ఏడాది అదే నవ్వుకి రెండు గుప్పెళ్ళు కావలసి వచ్చింది. పదిహేనేళ్ళయ్యేసరికి నేల అప్పడంలా బిగుసుకుపోయింది. అసలే ఇక్కడిది ఎర్రమట్టి, పుల్లమట్టి. వాన పడితే నీళ్ళు లోపలికి దిగకుండా మీదనుంచే జారి కాలవలోకి పోయేవి, వెంట యూరియాని కూడా తీసుకుని. వానపాములు బదిలీ పెట్టుకుని వేరే ఊరు వెళ్ళిపోయాయి.

అప్పుడు సంఘం అధ్యక్షులు అనంతకృష్ణగారు రంగంలోకి దిగారు. కద్మాలో ఉంటారు. కంపెనీ లేబొరేటరీలో పెద్ద సైంటిస్టుగా చేసి రిటైరయ్యారు. డాబా మీద తొట్లలో వానపాముల్ని పెంచి ఎరువు చేస్తారు, వాటిని చూసుకున్నంత శ్రద్ధగా మనవల్ని చూసుకోరని వాళ్ళావిడే చెబుతుంది. ఆయన మైకు పట్టుకుని, సంఘం నేలలో ఇక రసాయనం అనేది ఒక్క గింజ పడకూడదన్నారు. నూకాలమ్మత్త భయపడి, పాలవాళ్ళు పశువుల్ని కట్టే ఖటాల్‌లోంచి పచ్చి పేడ తట్టలతో మోసుకొచ్చి తిన్నగా మడిలో పోసింది. పెద్దవాళ్ళు పేడ వెయ్యమన్నారు, వేసింది. మాగినది వెయ్యాలని ఎవరూ చెప్పలేదు. చలికాలమంతా చెదలూ గడ్డీ పండాయి. గోంగూర పసుపు రంగులో, జాండిస్ వచ్చినట్టు, వారానికి మూడు కట్టలు వచ్చింది.

ఇక చూడండి. మా యూరియా ఆపడం వల్లే పోయిందని బంగారురాజుగారు. పదిహేనేళ్ళ మీ యూరియా వల్లే పోయిందని అనంతకృష్ణగారు. ఇద్దరూ కమిటీలో ఉన్నారు. ఇద్దరి వెనకా చెరో ముగ్గురు సభ్యులు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. ఆ నేలలో మళ్ళీ పంట పండితే ఎదుటివాడిదే పైచేయి అవుతుందని ఇద్దరికీ గుండెల్లో దిగులు. అందుకని చాలా రోజుల తర్వాత ఒక్క విషయంలో ఏకమయ్యారు. ఆ నేల పనికిరాదు, సిమెంటు దిమ్మలు పరిచి కార్ల పార్కింగు చేద్దాం అన్నారు.

ఆ సాయంత్రం నూకాలమ్మత్త మావ వాకిట్లోకొచ్చి కూర్చుంది. నేనక్కడే ఉన్నాను, సగం కాఫీ తాగుతూ.

"అన్నియ్యా, ఆ మడి పోతే నాను ఏటి సెయ్యాల?" అంది. "ఇళ్ళలో అంట్లు తోముదునా అంటే నడుం వంగదు. మట్టి పని తప్ప నాకేటీ రాదు."

 మావ తన గ్లాసులో మిగిలింది ఆమెకి పోసి ఇచ్చాడు. మర్నాడు కమిటీ మీటింగుకి పిలవకుండానే వెళ్ళాడు. నూకాలమ్మకి ఏడాది గడువు ఇవ్వమని అడిగాడు. ఒక్క రోజు కూడా కుదరదన్నారు.

"అయితే సగం ఇవ్వండి," అన్నాడు మావ.

ఒక్క రోజులో సగమా అని ఎవరో అడిగారు. ఏడాదిలో సగమని మావ. అవి మార్చి మొదటి రోజులు. ఆ లెక్కన ఆగస్టు నెలాఖరు జనరల్ బాడీ మీటింగు దాకా వచ్చింది. కమిటీలో పన్నెండుమందీ ఆయనతో గంటసేపు వాదించి, దాహమేసి ఒప్పుకున్నారు. అప్పటికి మడి నిండుగా ఉంటే నూకాలమ్మది. లేకపోతే సిమెంటుది.

మావ మడి మధ్యలో నిలబడి ప్రకటించాడు. సగం పెంట, సగం యూరియా. పెంటని మనవాళ్ళు ఎరువు అంటే అది వినిపించుకోదని, పెంట అనే పిలవాలని ఆయన నమ్మకం.

"యూరియా అంటే టీరా," అని నాకు పాఠం చెప్పాడు. "తాగిన ఎమ్మటే డూటీకి పరిగెత్తగలవు. బస్, టీ మీదే ముప్పై ఏళ్ళు డూటీ సేత్తావా? పెంట అంటే అన్నం. తిన్న ఎమ్మటే పరిగెత్తనేవు. గానీ నిలబెడతాది. మట్టికి రెండూ కావాల."

"మరి మట్టి పుల్లగా ఉంది కదా మావా. గ్యాస్ మాత్ర వేద్దామా?"

"ఏద్దాం. సున్నం."

ఇక్కడే మావ ఒక తప్పు చేశాడు. అలాంటి తప్పు ఈ భూమ్మీద స్టీలు ఊరివాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు. కొలిమిలోకి వెళ్ళే సరుకులో సున్నం మిగతావాటితో పాటే వెళుతుంది కదా. కాబట్టి ఏప్రిల్ ఎండలో, హాలు గోడ పక్కనే, యార్డు పద్ధతిలో గుట్ట కట్టాడు. ఒక పొర పెంట, దాని మీద యూరియా, దాని మీద సున్నం, మళ్ళీ పెంట. నా ఆటోలో పదకొండు ట్రిప్పులు పెంట తోలాను. ఆ వారం నా ఆటో ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు డబ్బులివ్వకుండా నన్ను తిట్టేవాళ్ళు. గుట్ట తడిపి, గోనెపట్టాలు కప్పి, పక్వానికి రావాలని వదిలేశాడు. వారం తర్వాత ఒక ఆదివారం పొద్దున్న పార తీసుకుని, గుట్టని అడ్డంగా కోశాడు.

అదే పొద్దున్న హాల్లో వరహాలరావుగారి సంతాప సభ.

వరహాలరావుగారు సంఘానికి ఇరవయ్యేళ్ళు కార్యదర్శి. చనిపోయినవాళ్ళ గురించి తప్పుగా అనకూడదు గానీ, ఆయన మైకు పట్టుకుంటే కరెంటు వాళ్ళు జాలిపడి లైను తీసేసేవారు. సభకి వచ్చినవాళ్ళు ఎందుకొచ్చారంటే, ఈసారి ఆయన మాట్లాడరని గ్యారంటీ ఉంది గనక. అందరూ పొడి కళ్ళతో, టిఫిను వైపు చూస్తూ కూర్చున్నారు. అనంతకృష్ణగారు లేచి, వరహాలరావుగారు లేని లోటు అని మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడు బయట పార దిగింది.

నేను మావ పక్కనే ఉన్నాను. గుట్టలోంచి ముందు ఒక వెచ్చని గాలి వచ్చింది. తర్వాత ఎవరో ముక్కులోంచి మెదడులోకి సూది గుచ్చినట్టయింది. ఆ ఘాటు కిటికీల్లోంచి హాల్లోకి పోయింది. లోపల అనంతకృష్ణగారి గొంతు బొంగురుపోయింది. రెండు మాటలు మాట్లాడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముందు వరస ఏడ్చింది. రెండో వరస ఏడ్చింది. జన్మలో ఏడవని బంగారురాజుగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. టిఫిను వండుతున్న వంటవాళ్ళు, అసలు చనిపోయింది ఎవరో తెలియనివాళ్ళు, గరిటెలు పట్టుకుని ఏడ్చారు. సాక్చీ దాకా ఏడ్చారని చెబితే మీరు నమ్మరు గనక, సగం దారి వరకే అంటాను.

వరహాలరావుగారి భార్య కుసుమకుమారిగారు చుట్టూ చూశారు. 

"ఇంతమంది ఏడుస్తారని తెలిసుంటే, పాపం ఆయన ఇంకో రెండు మీటింగులు పెట్టేవారు," అన్నారు.

సభ ముగించి, అనంతకృష్ణగారు ఎర్రటి కళ్ళతో బయటికొచ్చి గుట్టని చూశారు. సైంటిస్టు గనక ఒక్క చూపులో అర్థమైపోయింది.

"సున్నం, యూరియా, పేడ, మూడూ ఒకే కుప్పలోనా?" అన్నారు. "తడి తగిలితే యూరియాలో సారమంతా అమోనియా అయి గాలిలో కలిసిపోతుందయ్యా. సున్నం దాన్ని వెనక నుంచి తరిమింది. మీరు ఎరువు వేసింది నేలకి కాదు, మాకు."

మావ తల గోక్కున్నాడు. "కొలిమిలో సున్నం అన్నిటితో పాటే ఏత్తాం కద బాబూ."

"ఇది కొలిమి కాదు."

"మరి సున్నం ఎప్పుడెయ్యాల?"

"ముందు. విడిగా. వారాల ముందు వేసి మట్టిలో కలపాలి. తర్వాత మాగిన ఎరువు. యూరియా ఆఖర్న, మొలకలొచ్చాక, కొంచెం కొంచెంగా…" అని చెబుతూ చెబుతూ, తాను యూరియాకి శత్రువునన్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. గడువూ లేదు, గిడువూ లేదు, రేపే సిమెంటు దిమ్మలు దింపించేస్తానన్నారు.

నూకాలమ్మత్త గోడకి ఆనుకుని నిలబడిపోయింది.  పక్కన మావ పార పట్టుకుని, ధారగా కన్నీళ్ళు కారుస్తూ. గుట్టకి అందరికంటే దగ్గరగా ఉన్నది ఆయనే మరి.

కుసుమకుమారిగారు అప్పుడే మెట్లు దిగారు. మావని చూసి ఆగిపోయారు. లోపలున్నవాళ్ళు కూర్చుని ఏడ్చారు, ఈయన ఎండలో నిలబడి, పని ఆపకుండా ఏడుస్తున్నాడు. ఆవిడ అధ్యక్షులవారి వైపు తిరిగి, మావారంటే ఇంత ప్రేమున్న మనిషికి ఇచ్చిన మాట తప్పుతారా అని మెల్లగా అడిగారు. అనంతకృష్ణగారు ఆ ఏడుపుకి కారణం చెప్పబోయారు. ఆవిడ మొహం చూశారు. చెప్పలేకపోయారు. ఇంతవరకూ మాలో ఎవరమూ చెప్పలేదు. ఆవిడ చదివే పుస్తకాల్లో ఇది రాదని ధైర్యం చేసి రాస్తున్నాను.

అలా గడువు నిలబడింది. ఎరువు మాత్రం పోయింది, ఒక నెలా పోయింది.

వేరేవాళ్ళయితే దాంతో చాలించేవారు. మావ ఆ సాయంత్రమే మడిలో ఐదు చోట్ల గుంటలు తవ్వి, చారెడు చారెడు మట్టి తీసి, నీడలో ఆరబెట్టి, సంచిలో పోసి నా చేతికిచ్చాడు. మట్టి పరీక్ష ఆఫీసుకి నేనే తీసుకెళ్ళాను. కొన్నాళ్ళకి హిందీలో ఒక కాగితం వచ్చింది. మావ అది రెండుసార్లు చదివి, చొక్కా జేబులో పెట్టుకుని, పైన పిన్నీసు గుచ్చుకున్నాడు. ఏముందని అడిగితే, సగం-సగమే రాశారని అన్నాడు.

మే నెలలో జంషెడ్‌పూర్ ఎండ మీకు తెలియదు. కొలిమి డూటీ చేసినవాళ్ళు చల్లదనం కోసం కొలిమి దగ్గరికే వెళతారు. ఆ ఎండలో అరవయ్యారేళ్ళ మనిషి తలకి తడిగుడ్డ చుట్టుకుని, అప్పడమైపోయిన నేలని జానెడు లోతు తవ్వి, సున్నం పొడి కలిపాడు. ఒక పక్క నుంచి ఆయన, ఇంకో పక్క నుంచి నూకాలమ్మత్త. ఆమె మధ్యలో కూలబడి, ఇంక నా వల్ల కాదు అన్నియ్యా, ఒగ్గేద్దాం అంది. మావ వాదించలేదు. నీ సగం కూడా నాను తవ్వుతాను, నువ్వు కూకో అన్నాడు. ఆమెకి రోషమొచ్చి లేచి, ఆయనకంటే రెండు బారలు ఎక్కువ తవ్వింది.

సున్నం వేశాక మూడు వారాలు దాన్ని ముట్టుకోనివ్వలేదు. మడి చుట్టూ తాడు కట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కలపకుండా మూడు వారాలు ఊరుకోవడం ఆయన జన్మలో అదే మొదలు. ఆ మూడు వారాలూ ఇంట్లో మజ్జిగలో రస్నా కలిపి తన దురద తీర్చుకున్నాడు.

తర్వాత మాగిన ఎరువు కావలసి వచ్చింది. ఖటాల్ వెనకాల రెండేళ్ళుగా పడున్న, నల్లగా టీపొడిలా రాలే పెంట వెతికి పట్టుకున్నాం. అది చాలదా అంటే, చాలదన్నాడు. నన్ను కద్మా తీసుకెళ్ళమని, అనంతకృష్ణగారి డాబా ఎక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మీ వానపాముల ఎరువు లేనిదే ఈ పని జరగదు, సగం భారం మీదే అన్నాడు. అధ్యక్షులవారు తొట్ల దగ్గరికి వెళ్ళి, రెండు బస్తాలు నింపి ఇచ్చారు. పైగా కిందకి దిగొచ్చి, ఆటోలో ఎలా పెట్టాలో చెప్పి, వాటికి గాలి ఆడాలి అన్నారు. అక్కణ్ణుంచి తిన్నగా సాక్చీలో బంగారురాజుగారి కొట్టు. అక్కడా చేతులు కట్టుకున్నాడు. మీ యూరియా లేనిదే జరగదు, సగం భారం మీదే. ఆయన ఒక బస్తా ఇచ్చారు. అడక్కుండానే, ఒకేసారి పొయ్యకు, మట్టిలో పదను చూసుకుని చల్లు అని పదిహేనేళ్ళలో చెప్పని మాట కూడా చెప్పారు.

జూన్ మధ్యలో మొదటి వాన పడగానే గోంగూర, బెండ, బొబ్బర గింజలు పడ్డాయి. ఇరవై రోజులకి కలుపు తీసి, తడి మీద, మొక్క మొదటికి దూరంగా చిటికెడు చిటికెడు యూరియా. మళ్ళీ ఇరవై రోజులకి ఇంకో చిటికెడు. మావ ఆ చిటికెలు వేసే తీరు చూసి, పసిపిల్లలకి ఉగ్గు పెడుతున్నాడని కాలనీలో ఆడవాళ్ళు నవ్వారు.

జులైలో మూడు రోజులు ఎడతెగని వాన. అంతకు ముందు ఏ ఏడైనా ఆ వానకి మడి కాలవ అయ్యేది. రెండో రోజు నేను వెళ్ళేసరికి నూకాలమ్మత్త హాలు వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. మావ గొడుగు పట్టుకుని మడిలో ఉన్నాడు. గొడుగు తనకి పట్టుకోలేదు, గోంగూర మొక్కలకి పట్టాడు. పది సెంట్లకి ఒక గొడుగు.

"మావా, పైకి రా. కొట్టుకుపోద్ది."

"కిందకి సూడు," అన్నాడు.

చూశాను. నీళ్ళు నిలబడలేదు, జారలేదు. పడిన వాన పడినట్టు మట్టి లోపలికి దిగిపోతోంది. కాలవలోకి వస్తున్న కొద్ది నీళ్ళు కూడా ఎర్రగా లేవు. మావ వంగి చారెడు మట్టి తీసి నా అరచేతిలో పెట్టాడు. రవ్వలడ్డులా పొడిపొడిగా విడిపోయింది. దాంట్లోంచి ఒక వానపాము బయటికొచ్చి, ఈ గొడవేమిటన్నట్టు చూసింది. వానపాముకి కళ్ళుండవని అనంతకృష్ణగారు తర్వాత నాతో వాదించారు. ఆయన అక్కడ లేరు, నేనున్నాను. దాని పొడుగు గురించి చెప్పను. తల భాలుబాసాలో చూశాను, తోక ఇంకా రావలసి ఉంది.

నూకాలమ్మత్త వానలోకి దిగి, ఆ పాముని చేతిలోకి తీసుకుని, అత్తారింటి నుంచి వచ్చిన కూతుర్ని చూసినట్టు చూసింది.

ఆగస్టు ఆఖరి ఆదివారం జనరల్ బాడీ. సిమెంటు దిమ్మలవాడు నమూనాలు పట్టుకుని గేటు దగ్గర తయారుగా ఉన్నాడు. సభ్యులంతా హాలు వెనక్కి నడిచారు. గోంగూర గుండెల దాకా ఉంది. ఆకులు అరచేతులంత. బెండకాయలు విరిస్తే టప్పుమని చప్పుడు. బొబ్బర తీగ హాలు కిటికీ ఊచలు పట్టుకుని లోపల ఏం జరుగుతోందో చూస్తోంది. ఒకరిద్దరు కూరలు కోసుకోవడం కూడా మొదలుపెట్టారు. పని అయిపోయిందని నేననుకున్నాను.

అవలేదు. అనంతకృష్ణగారు మడి గట్టు మీద నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"తవిటయ్య గారూ, సూటిగా చెప్పండి. ఈ పంట దేని వల్ల వచ్చింది? ఎరువు వల్లా, యూరియా వల్లా?"

 బంగారురాజుగారు ఒక అడుగు ముందుకు వేశారు.  ఎరువు అంటే రాజుగారూ ఆయన ముగ్గురూ పార్కింగుకి చేతులెత్తుతారు. యూరియా అంటే అధ్యక్షులవారూ ఆయన ముగ్గురూ ఎత్తుతారు. మిగిలిన నలుగురూ ముందు ఎవరు చెయ్యెత్తితే అటు. నూకాలమ్మత్త గంప చంకన పెట్టుకుని మావ నోటికేసి చూస్తోంది.

"సగం తమరిది బాబూ," అన్నాడు మావ. "సగం రాజుగారిది."

"సరిగ్గా సగమేనా?" అన్నారు రాజుగారు.

"బరాబర్ సగం. రవ్వంత తేడా ఉంటే, నా మీసం సగం గొరిగించుకుని బిష్టుపూర్ బజారంతా తిరుగుతాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ గెలవలేదు. ముఖ్యంగా, ఎవరూ ఓడిపోలేదు. అనంతకృష్ణగారు దగ్గి, ఆ మడి నూకాలమ్మ దున్నుకున్నన్నాళ్ళూ ఆమెదే అని తీర్మానం పెట్టారు. దాన్ని బలపరచడానికి బంగారురాజుగారే చెయ్యెత్తారు. ఆరు నెలల్లో ఆయన అధ్యక్షులవారితో అన్న మొదటి మాట ఏమిటంటే, ఆ వానపాముల తొట్టి మా కొట్టు ముందు ఒకటి పెడితే బేరం ఉంటుందా అని. సిమెంటు దిమ్మలవాడు నమూనాలు సర్దుకుని, రెండు గోంగూర కట్టలు కొనుక్కుని వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక మావని పట్టుకున్నాను. నేను అమాయకుణ్ణి కాదు. ప్రతి బస్తా నా ఆటోలోనే వచ్చింది. ఖటాల్ పెంట ముందూ వెనకా కలిపి ఇరవై మూడు ట్రిప్పులు. అధ్యక్షులవారి ఎరువు రెండు బస్తాలు, ఒక మూలకి కూడా రాదు. రాజుగారి యూరియా బస్తాలో ముప్పావు వంతు ఇంకా మావ మంచం కింద ఉంది. వీటన్నిటికంటే ముందు వేసింది సున్నం, దాని పేరే ఎవరూ ఎత్తలేదు.

"మావా, ఆ కాగితం ఇలాగియ్యి. దాంట్లో సగం ఎక్కడుంది?"

"నేదు," అన్నాడు ఏ మాత్రం సిగ్గు లేకుండా. "కాయితంలో సగం అన్న మాటే నేదు. సున్నం ఇంత, పెంట ఇంత, యూరియా ఇంతే అని ఉంది. మట్టికి కాయితం పెకారమే ఏశాను. మడుసులకి సగం-సగం ఏశాను. ఆళ్ళ నేల కూడా బిగిసిపోనాది కదేట్రా."

నేను నోరు తెరిచేలోపు నూకాలమ్మత్త నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గట్టు మీద కూలబడింది.

"మే నెలలో తవ్వనేక సచ్చిపోతంటే నాతో ఏటన్నాడో తెల్సా? సగం పంట నీ రెక్కలదేనమ్మా అన్నాడు."

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకంటే పెంట తోలినందుకు స్టాండులో నన్ను వరసలోంచి గెంటేసిన రోజున, మావ నా భుజం మీద చెయ్యేసి, సగం పంట నీ ఆటోదేరా సూర్యం అన్నాడు. ఆ మాట పట్టుకునే మిగతా ట్రిప్పులన్నీ తోలాను.

"అంటే ఒక్క తోటకి నాలుగు సగాలేటి మావా? మరి నీది?"

మావ లేచి, లుంగీకి అంటిన మట్టి దులుపుకున్నాడు. "నాకెందుకురా? కలిపినోడు పొరల్లో ఉండడు," అని, ఇంటికి పోతూ పోతూ రెండు బెండకాయలు తెంపుకున్నాడు.

ఆయన అన్నది అలా ఉంచండి. మీరెప్పుడైనా బిష్టుపూర్ స్టాండుకొచ్చి, భాలుబాసాలో గోంగూర తోట ఎవరిదని అడగండి. సగం నాది. మిగతా సగం గురించి ఆ ముగ్గురూ ఏవేవో చెబుతారు, పట్టించుకోకండి.